ఎవరి పిల్లవాడు?

(ఆదివారపు ఉదయకాల రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 21:27 నుండి 23:35 వరకు

కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం నుండి అటు ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక వరకు, ఇటు బందరు, గుడివాడ వరకు ఈ వర్తమానము అందుకుంటున్న ప్రతి కుటుంబానికి దేవుని సమాధానము కలుగును గాక.

ఈ దినమున మనం ధ్యానించబోయే సంగతి మన పిల్లలను గూర్చినది. బడిలో, హాస్టల్లో, రోడ్డు మీద, పోలీస్ స్టేషన్లో ఒక పిల్లవాడు ఏమి చేశాడని అడగక ముందే, వాడు ఎవరి పిల్లవాడని అడిగే అలవాటు ఒకటి మనలో ఉన్నది. ఆ అలవాటును దేవుని వాక్యపు వెలుగులో చూద్దాము.

ఒక హైస్కూలును ఊహించుకోండి. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పెట్టెలో నుండి రెండు వందల రూపాయలు పోయాయి. గదిలో నలభైమంది పిల్లలున్నారు. అందరికంటే ముందు ఎవరి సంచి తెరిపిస్తారు? ఈ మాట వినగానే మీ మనసులో ఒక పిల్లవాడు కనబడ్డాడా? వాని ఇల్లు ఊరిలో ఏ వైపున ఉన్నది? వాని తండ్రి ఏమి పని చేస్తాడు? వాని పేరు ఏ మతం వారి పేరు? దొంగతనం ఇంకా ఎవరూ చూడలేదు. అయినా మీ కళ్ళముందు ఒక ముఖము నిలబడింది. ఆ ముఖాన్ని కాసేపు అలాగే గుర్తుంచుకోండి.

మనలో ఒక సామెత ఉన్నది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. తప్పు చేసినవాడు తానే బయటపడతాడని మనం ఆ సామెత చెప్పుకుంటాము. అయితే ఒక్క సంగతి ఆలోచించండి. ఊరిలో ఏది పోయినా తన వైపే చూస్తారని చిన్ననాటి నుండి నేర్చుకున్న పిల్లవాడు ఏమి చేస్తాడు? గుమ్మడికాయ ముట్టకపోయినా భుజాలు తడుముకుంటాడు. వాని చెయ్యి వణుకుతుంది, మాట తడబడుతుంది. చూడండి, వీడే అంటాము. వాని భయాన్ని వాని నేరముగా లెక్క కడతాము.

ఇప్పుడు వాక్యభాగములోనికి వద్దాము. పౌలు యెరూషలేముకు వచ్చాడు. దేవాలయములో ఉన్నాడు. ఆసియ నుండి వచ్చిన కొందరు యూదులు అతని చూచి కేకలు వేశారు. అన్యజనులను దేవాలయములోనికి తెచ్చి పరిశుద్ధ స్థలమును పాడుచేశాడని వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదుకు ఆధారమేమిటి? 21వ అధ్యాయము 29వ వచనములో లూకా దాచకుండా రాశాడు. వారు అంతకుముందు ఎఫెసువాడైన త్రోఫిమును పౌలుతో పట్టణములో చూశారు. దానిని బట్టి దేవాలయములోనికి కూడా తెచ్చి ఉంటాడని అనుకున్నారు. చూసినది వీధిలో, ఊహించినది గుడిలో. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని అనుమానము నింపింది. అంతలోనే పట్టణమంతా కదిలింది. పౌలును ఈడ్చి కొడుతున్నారు.

అప్పుడు రోమా సైన్యపు సహస్రాధిపతి పరుగున వచ్చాడు. అతని పేరు క్లౌదియ లూసియ. మన భాషలో చెప్పాలంటే పట్టణపు పోలీసు పెద్ద అనుకోండి. అతనికి న్యాయము చేసి మాట్లాడుదాము. అతడు రాకపోతే పౌలు ఆ రోజే చనిపోయేవాడు. మూక చేతిలో నుండి మనిషిని కాపాడినది ఆ అధికారే. మన పోలీసు సోదరులు కూడా ఎన్నో రాత్రులు ఇటువంటి మేలు చేస్తున్నారు. దానికి దేవునికి స్తోత్రము.

అయితే 33వ వచనము గమనించండి. మొదట రెండు సంకెళ్ళు వేయించాడు. ఆ తరువాత ఇతడెవడు, ఏమి చేశాడు అని విచారించాడు. సంకెళ్ళు ముందు, ప్రశ్న తరువాత. ఎందుకని? 38వ వచనములో కారణము తెలుస్తుంది. అంతకు కొంతకాలము ముందు ఒక ఐగుప్తీయుడు తిరుగుబాటు లేపి నాలుగు వేలమంది నరహంతకులను అరణ్యమునకు తీసుకుపోయాడు. ఆ మనిషే ఇతడని అధికారి అనుకున్నాడు. పౌలు గ్రీకు భాష మాట్లాడగానే ఆశ్చర్యపోయాడు. అతనికి పౌలు ఎవరో తెలియదు. కానీ అతని బుర్రలో ఒక నేరస్థుని బొమ్మ ముందే తయారై ఉన్నది. ఎదురుగా ఉన్న మనిషిని ఆ బొమ్మలోనికి నెట్టాడు.

ప్రియమైన వారలారా, మన దేశములో ఈ బొమ్మను ఒకప్పుడు చట్టముగానే రాశారు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో అది మద్రాసు రాజధానికి, అంటే మన ప్రాంతానికి కూడా వచ్చింది. మన ఎరుకలవారు, యానాదులలో కొందరు, ఇంకా ఎన్నో తెగలు ఆ పట్టీలోనికి ఎక్కాయి. ఆ చట్టము కింద ఒక మనిషి నేరము చేయవలసిన పని లేదు. ఆ కులములో పుడితే చాలు. వేలిముద్రలు ఇవ్వాలి, అధికారి ముందు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ తీసుకోవాలి.

మన సంఘములు ఈ చరిత్రకు దూరముగా లేవు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు 1913-14 ప్రాంతములో ఏర్పడింది. దాని నిర్వహణను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చింది. వారు బడి పెట్టారు, పని చూపారు, సువార్త చెప్పారు. ఆ మేలును తక్కువ చేయనక్కర లేదు. అయితే సువార్త చెప్పిన ఆ ఆవరణములోనే సర్కారు హాజరు పట్టీ కూడా ఉండేది. నీవు దేవుని స్వరూపమందు పుట్టావని ఒక నోరు చెప్పింది. నీవు నేరస్థుడవుగా పుట్టావని ఆ పట్టీ చెప్పింది. ఒక పిల్లవాడు ఈ రెంటిలో దేనిని నమ్మాలి?

మద్రాసు రాష్ట్రము ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా అది 1952 ఆగస్టు 31న పోయింది. చట్టము పోయింది గాని బొమ్మ పోలేదు. స్టువర్టుపురం పేరును సినిమాలు వాడుకున్నాయి. ఆ ఊరిలో పుట్టి బుద్ధిగా చదువుకున్న పిల్ల తన కాలేజీ దరఖాస్తులో ఊరి పేరు రాసేటప్పుడు ఆమె చేతిలోని కలము ఎంత బరువుగా ఉంటుందో ఆలోచించండి.

మన డెల్టాలో చూడండి. పొలములో ఎలుకలు పడితే రైతు ఎవరిని పిలుస్తాడు? యానాదిని. చేపల చెరువు గట్టు మీద పాక వేసుకొని రాత్రంతా కాపలా ఎవరుంటారు? అనేకచోట్ల యానాది కుటుంబమే. లక్షల రూపాయల చేపలకు అతనిని నమ్ముతాము. తెల్లవారి ఎక్కడో ఒక ఇంజను పోయిందని తెలిస్తే అదే యానాది కుమారుని ముందు పిలిపిస్తాము. ఆ కుమారుడు బడి సంచి భుజాన వేసుకొని బయలుదేరిన వేళ అతనికి ఆ కబురు వస్తే, ఆ రోజు అతడు బడికి పోతాడా? మరునాడైనా పోతాడా?

రెండవ మెట్టు చూడండి. 22వ అధ్యాయము 24వ వచనము. ఆ మనిషి ఐగుప్తీయుడు కాడని తెలిసింది. అయినా అధికారి ఆగలేదు. కొరడాలతో కొట్టి నిజము రాబట్టమని ఆజ్ఞాపించాడు. పౌలును వార్లతో కట్టారు. దెబ్బలు నిజము రాబట్టవు సహోదరులారా. దెబ్బలు ఆగడానికి ఏమి చెప్పాలో అది మాత్రమే రాబడతాయి.

మన రాష్ట్రములోనే జరిగిన రెండు సంగతులు చెప్తాను. 2007 మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో ప్రార్థన సమయాన బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరి ఐదుగురు చనిపోయారు. చనిపోయినవారు ముస్లిములు. అనుమానము కూడా పాతబస్తీ ముస్లిం యువకుల మీదికే పోయింది. డజన్లకొద్దీ కుర్రవాళ్ళను పట్టుకున్నారు. వారిలో యునానీ వైద్యము చదువుతున్న విద్యార్థి కూడా ఉన్నాడు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ పంపిన న్యాయవాది జైలులో వారిని కలిసి, వారు పడిన చిత్రహింసలను 2008లో తన నివేదికలో రాశాడు. కోర్టులు వారిని విడిచిపెట్టాయి. 2012 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వమే 70 మందికి పరిహారము ఇచ్చింది. ఇరవైమందికి 3 లక్షల చొప్పున, యాభైమందికి 20 వేల చొప్పున. దానితోపాటు వీరు మంచివారని సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. దర్యాప్తు తరువాత పూర్తిగా వేరే దిక్కుకు మళ్ళింది. ఆ రెండవ గుంపు వారిని కూడా 2018 ఏప్రిల్లో కోర్టు నిర్దోషులని విడిచిపెట్టింది.

తప్పు చేయని విద్యార్థికి ప్రభుత్వము మంచివాడని కాగితం రాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని అతడు ఎవరికి చూపించాలి? అద్దె ఇల్లు ఇవ్వనన్న యజమానికా? సంబంధము వద్దన్న వారికా? జైలులో పోయిన చదువు సంవత్సరాలకా?

రెండవది మనకు మరీ దగ్గరిది. 2007 డిసెంబరులో అప్పటి కృష్ణా జిల్లా ఇబ్రహీంపట్నములో ఒక హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని దారుణముగా హత్య చేయబడింది. జిల్లా అంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు ఒక పేద దళిత యువకుని పోలీసులు అరెస్టు చేశారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతనిని నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారము ఇవ్వమని, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమని చెప్పింది. ఎనిమిది సంవత్సరాలకు పైగా అతని యౌవనము జైలు గోడల మధ్య పోయింది.

అయితే ఈ సంగతిలో నా మనసును కదిలించినది వేరొకటి ఉన్నది. ఆ కుర్రవాడు నేరస్థుడు కాడని మొదటినుండి చెప్పినవారు ఎవరో తెలుసా? చనిపోయిన ఆ అమ్మాయి తల్లిదండ్రులు. వారు ముస్లిములు, అతడు దళితుడు. కడుపుకోతతో ఉన్నవారికి ఎవరో ఒకరిని చూపిస్తే చాలు, కోపము అటు మళ్ళుతుందని లోకము అనుకుంటుంది. ఆ తల్లి అలా మళ్ళలేదు. నా బిడ్డకు న్యాయము కావాలి గాని ఇంకొకరి బిడ్డ బలి కావాలని కోరను అన్నట్టుగా నిలబడింది. సంఘము చేయవలసిన సాక్ష్యము అది. మనకంటే ముందు ఆమె చేసింది.

ఇక్కడ కొందరు అడగవచ్చును. పాస్టరు గారూ, బాంబులు పేలినప్పుడు, ఆడపిల్లలు చనిపోయినప్పుడు పోలీసులు చేతులు కట్టుకొని కూర్చోవాలా? కూర్చోకూడదు. రోమా 13వ అధ్యాయము అధికారము దేవుని పరిచర్య అని మనకు నేర్పుతున్నది. అందుకే నేను ఈ మాట అంటున్నాను. తప్పుడు మనిషిని పట్టుకున్న రోజున అసలు మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. పట్టుబడినవాడు నష్టపోతాడు, చనిపోయినవారు రెండవసారి నష్టపోతారు. తొందరపాటు కఠినత్వములాగా కనబడుతుంది, నిజానికి అది నేరము పట్ల నిర్లక్ష్యము. నిజము నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

మూడవ మెట్టు. పౌలు కొరడా దెబ్బలు ఎలా తప్పించుకున్నాడు? తాను రోమీయుడనని చెప్పి, శిక్ష విధింపబడని రోమీయుని కొట్టడము న్యాయమేనా అని శతాధిపతిని అడిగాడు. వెంటనే అందరూ వెనక్కు తగ్గారు. అధికారి భయపడ్డాడు. గమనించండి, పౌలు ముఖము మారలేదు, ఒళ్ళు మారలేదు. పౌరసత్వము బయటపడింది, అంతే. మరి ఆ పౌరసత్వము లేనివాని సంగతి ఏమిటి? ఆ రోజు పౌలు స్థానములో ఒక కూలివాడు ఉంటే ఏమయ్యేది?

ఈ ప్రశ్న మనకు సముద్రము అవతల ఒకసారి అర్థమైంది. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే సంస్థ మీద అధికారులు దాడి చేశారు. అందులో పదిహేను వందలకు పైగా విద్యార్థులు ఉంటే నూటికి తొంభై ఐదుగురు భారతీయులు. వారిలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. విదేశీ విద్యార్థులను చేర్చుకొనే అనుమతి ఆ సంస్థకు ఇచ్చినది అక్కడి ప్రభుత్వమే. మోసము చేసిన యజమానురాలికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. అయితే ఆ లోపల కొందరు విద్యార్థుల కాళ్ళకు రేడియో కడియాలు కట్టారు. వారు ఎక్కడికి పోతున్నారో కనిపెట్టే కడియాలు. 2019 జనవరిలో మిషిగాన్లో ఇంకొకటి జరిగింది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒక దొంగ సంస్థను అక్కడి అధికారులే వల వేయడానికి పెట్టారు. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో అనేకులు తెలుగువారు. కొందరు తెలిసే చేరి ఉండవచ్చు. కొందరు అప్పులు చేసి, ఏజెంట్ల మాట నమ్మి పోయినవారు.

టెక్సాస్లోని ఇర్వింగ్లో మన తెలుగువారు చాలామంది కాపురముంటున్నారు. 2015 సెప్టెంబరులో ఆ ఊరి హైస్కూల్లో పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఒకడు ఇంటి దగ్గర గడియారము తయారుచేసి టీచరుకు చూపించాలని బడికి తెచ్చాడు. సూడాను నుండి వచ్చిన ముస్లిం కుటుంబపు పిల్లవాడు. అది బాంబులాగా ఉన్నదని బడివారు పోలీసులను పిలిచారు. వాని చేతులకు బేడీలు వేశారు. మూడు రోజులు బడి నుండి సస్పెండ్ చేశారు. చివరకు ఏ నేరమూ మోపలేదు. మెచ్చుకుంటారని తెచ్చిన వస్తువు వానిని బేడీల దాకా నడిపించింది.

రేడియో కడియాల ఫోటోలు పత్రికలలో వచ్చినప్పుడు మన ఇళ్ళలో ఏమనుకున్నాము? మా పిల్లవాడు చదువుకోవడానికి పోయాడు, దొంగతనానికి పోలేదు. రంగు చూసి, దేశము చూసి పశువుకు కట్టినట్టు కట్టారు. విచారించకుండా ఎలా కడతారు? ఇవన్నీ న్యాయమైన మాటలే. మన ప్రభుత్వము కూడా అభ్యంతరము చెప్పింది. ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను, మీ ఇంటి మౌనములో మీరే జవాబు చెప్పుకోండి. చెరువు గట్టు మీద పాకలో ఉన్న యానాది తల్లి ఇవే మాటలు అంటే మనము వింటున్నామా? మా పిల్లవాడు బడికి పోయాడు, దొంగతనానికి పోలేదు అని ఆమె ఏడిస్తే ఆ ఏడుపు మన గుడి కిటికీ దాకా వస్తున్నదా? కాలిఫోర్నియాలోని కడియము మనకు కనబడింది. మన ఊరి పిల్లవాని మీద మన చూపులే కట్టిన కడియము కనబడలేదు. దానికి బ్యాటరీ లేదు గనుక అది ఎన్నడూ ఆగదు.

మరియొక చిన్న సంగతి. 23వ అధ్యాయములో ఆ అధికారి గవర్నరైన ఫేలిక్సుకు ఒక ఉత్తరము రాశాడు. ఈ మనిషి రోమీయుడని తెలిసికొని, సైన్యముతో వెళ్ళి రక్షించానని దాని సారాంశము. జరిగిన క్రమము అది కాదు. ముందు సంకెళ్ళు వేశాడు, కొరడా దాకా పోయాడు, ఆ తరువాత గదా రోమీయుడని తెలిసింది. సంకెళ్ళు గాని కొరడా గాని ఆ ఉత్తరములో లేవు. కాగితము మీద అందరూ మంచివారే. అందుకే పిల్లల పక్షాన కళ్ళారా చూసిన సాక్షి ఒకరు ఉండాలి. లూకా రాయకపోతే మనకు ఆ ఉత్తరమే మిగిలి ఉండేది.

ఇంతవరకు విన్నది భారముగా ఉన్నది కదా? ఇప్పుడు ఈ వాక్యభాగములో నాకు అతి ప్రియమైన చోటికి వద్దాము. 23వ అధ్యాయము 16 నుండి 22 వచనములు. నలభైమందికి పైగా మనుష్యులు పౌలును చంపేవరకు అన్నపానములు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఈ సంగతి పౌలు మేనల్లుని చెవిన పడింది. అతడు ఒక పడుచువాడు. లూకా అతని పేరు కూడా రాయలేదు. ఖైదీ బంధువు. ఆ కోటలో అతనికంటే అనుమానించదగినవాడు ఇంకెవరు? అయినా శతాధిపతి అతనిని తీసుకొని పై అధికారి యొద్దకు పోయాడు.

అప్పుడు సహస్రాధిపతి ఏమి చేశాడు? ఆ కుర్రవాని చెయ్యి పట్టుకున్నాడు. పక్కకు తీసుకుపోయాడు. నీవు నాకు చెప్పదలచినది ఏమిటని ఏకాంతముగా అడిగాడు. పూర్తిగా విన్నాడు. ఈ సంగతి ఎవరితోను చెప్పవద్దని పంపాడు, అంటే ఆ కుర్రవానికి అపాయము రాకుండా చూశాడు. ఆ రాత్రే రెండు వందలమంది సైనికులను, డెబ్బైమంది గుర్రపు రౌతులను, రెండు వందలమంది ఈటెలవారిని సిద్ధపరచాడు. మొత్తము 470 మంది. పేరు లేని ఒక పిల్లవాని మాట నిజమై ఉండవచ్చని ఒక అధికారి నమ్మినందున ఒక ప్రాణము నిలిచింది.

సంకెళ్ళు వేయించినవాడు, ఈ చెయ్యి పట్టుకున్నవాడు ఒక్కడే, ప్రియమైన వారలారా. ఆ రెంటి మధ్య రెండు మూడు రోజులే గడిచాయి. మొదటి రోజున అతడు బొమ్మను చూశాడు. ఆ తరువాత ఎదురుగా ఉన్న మనిషిని చూశాడు. మనిషి మారగలడని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పోలీస్ స్టేషనుకు గాని, పాఠశాలకు గాని, సంఘానికి గాని ఏమి కావాలి?

కాబట్టి మనము చేయవలసినది ఏమిటి?

మొదట, ఉపాధ్యాయులైన మీతో. మన సంఘములలో ఎందరో టీచర్లు ఉన్నారు. తరగతిలో ఏదైనా పోతే చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయి అడగండి. అందరి ముందు ఒక్కని సంచి తెరిపించవద్దు. తెరిపిస్తే అందరివీ తెరిపించండి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టడాన్నే గాక మానసికముగా వేధించడాన్ని కూడా 17వ సెక్షనులో నిషేధించింది. పిల్లవాడు నిర్దోషి అని తెలిస్తే ఆ మాటను మెల్లగా చెవిలో చెప్పి వదిలేయవద్దు. ఏ అసెంబ్లీలో వాని పేరు తీశారో ఆ అసెంబ్లీలోనే, అంతే పెద్ద గొంతుతో చెప్పండి.

రెండవది, పోలీసు శాఖలో ఉన్న మన సహోదరులతో. 2015 నాటి బాల న్యాయ చట్టము పద్దెనిమిదేళ్ళలోపు పిల్లవానిని లాకప్పులో పెట్టకూడదని చెప్పింది. ఇరవై నాలుగు గంటలలోపు బాల న్యాయ మండలి ముందుంచాలి. తల్లిదండ్రులకు కబురు చెయ్యాలి. బేడీలు వేయకూడదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు విముక్త జాతులవారిని ఊరికే అరెస్టు చేయకుండా పోలీసులు జాగ్రత్త పడాలని ఆదేశించింది. మీ పై అధికారి తొందరపెడుతున్న రాత్రి ఈ మాటలు మీ మనసుకు రావాలని నా ప్రార్థన. ఆ కుర్రవానిని పైదాకా తీసుకుపోయిన శతాధిపతి పేరు మనకు తెలియదు. దేవునికి తెలుసు.

మూడవది, సంఘపెద్దలతో, తల్లిదండ్రులతో. మీ ఊరిలో ఒక పిల్లవానిని స్టేషనుకు తీసుకుపోయారని తెలిస్తే, వాడు మన సంఘము వాడా కాడా అని ముందు అడగవద్దు. ఇద్దరు కలిసి వెళ్ళండి. కోపముతో కాదు, మర్యాదతో వెళ్ళండి. ఏ సమయానికి తెచ్చారు, ఏ ఫిర్యాదు మీద తెచ్చారు అని అడిగి కాగితము మీద రాసుకోండి. 1098 అనే పిల్లల సహాయ నంబరు ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. నీకొదేము మహాసభలో ఒంటరిగా లేచి అడిగినది ఇదే గదా. ఒకని మాట వినకుండా, వాడు చేసినది తెలిసికొనకుండా మన ధర్మశాస్త్రము తీర్పు తీరుస్తుందా అన్నది అతని ప్రశ్న. యోహాను 7వ అధ్యాయములో చదవండి. అతనిని ఎగతాళి చేశారు. నీవు కూడా గలిలయవాడవా అన్నట్టు మాట్లాడారు. అనుమానించబడినవాని పక్షాన నిలిచినవానికి కూడా ఆ అనుమానపు ముద్ర పడుతుంది. దానికి సిద్ధపడండి.

మరి పిల్లవాడు నిజముగానే తప్పు చేస్తే? అప్పుడు దాచవద్దు. తీసినది తిరిగి ఇప్పించండి, బుద్ధి చెప్పండి, చట్టము చెప్పినట్టు నడిపించండి. కానీ వాడు చేసిన తప్పుకే శిక్ష పడాలి. వాని తాత పుట్టిన కులానికి పడకూడదు. ఒకడు చేసిన తప్పు వాని వాడ మొత్తానికి పేరు కాకూడదు.

చివరగా, ఈ మాటలు వింటున్న పిల్లలారా, మీతో ఒక్క మాట. ఏ తప్పూ చేయకుండానే మీ వైపు వేలు చూపిన రోజు మీకు వచ్చి ఉండవచ్చు. ఆ వేలు మీ పేరు కాదు. మన ప్రభువును కూడా నజరేతువాడని తేలికగా చూశారు. రాత్రివేళ దొంగను పట్టుకున్నట్టు కత్తులతో గుదియలతో వచ్చి పట్టుకున్నారు. ఆయన మీ సిగ్గును ఎరుగును. మీరు బడి మానవద్దు. ఇంటిలో చెప్పండి, పాస్టరుకు చెప్పండి, మీరు నమ్మిన టీచరుకు చెప్పండి. పౌలు మేనల్లుడు భయపడి ఇంటిలోనే ఉండిపోతే ఆ నలభైమంది మాటే నెగ్గేది.

దివిసీమవారికి 1977 నవంబరు 19 చెప్పనక్కర లేదు. ఆ ఉప్పెనలో చేతికందిన బిడ్డను పట్టుకున్నవారు ముందు కులము అడగలేదు. నీళ్ళలో కొట్టుకుపోతున్న బిడ్డను ఎవరి పిల్లవాడవని ఎవరు అడుగుతారు? అనుమానము కూడా ఒక ఉప్పెనే, ప్రియమైన వారలారా. అది నెమ్మదిగా వస్తుంది గనుక మనము పరుగెత్తము. ప్రసంగము మొదట్లో మీ మనసులో నిలబడిన ఆ ముఖాన్ని ఇప్పుడు మరల చూడండి. ఆ పిల్లవాని చెయ్యి పట్టుకోండి. పక్కకు తీసుకుపోయి, నీవు చెప్పదలచినది ఏమిటి నాయనా అని అడగండి. ఎవరి పిల్లవాడు అన్న ప్రశ్నకు జవాబు మనకు ముందే తెలుసు. వాడు దేవుని పిల్లవాడు.

ప్రార్థన చేద్దాము. దయగల తండ్రీ, అనుమానముతో నలిగిపోతున్న ప్రతి బిడ్డను జ్ఞాపకము చేసికొనుము. మా బడులకు ఓర్పును, మా పోలీసు స్టేషన్లకు న్యాయబుద్ధిని, మా సంఘములకు ధైర్యమును దయచేయుము. ముఖము చూచి కాక నిజము చూచి తీర్పు తీర్చు మనసు మాకిమ్ము. నిర్దోషియై బంధింపబడి మా కొరకు నిలిచిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.